మూడింటి మందు

మందు ఏ వేళల్లో వేస్తే మీకు వీలుగా ఉంటుందని నెల్లూరు ఆసుపత్రిలో నర్సు అబిగయీలు నన్ను అడిగింది. ఎనిమిది గంటలకొకసారి పడాలి. రాత్రయినా పగలయినా మొదటి అయిదు రోజులూ తప్పకూడదు. పొద్దున ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది అయితే ఎవరికీ నిద్ర చెడదని ఆమే సలహా కూడా ఇచ్చింది. ఆ మాటకి తల ఊపి వచ్చేసి ఉంటే బాగుండేది. కానీ నేను రోజారమణిని. ఎదుటివాళ్ళు చెప్పింది చెప్పినట్టు ఒప్పుకుంటే నాకు అన్నం అరగదు.

"ఆరింటికి నేను ఇంట్లో ఉండనక్కా, ఒడ్డున చేపల కాడ ఉంటా. తెల్లారుజామున మూడు, పగలు పదకొండు, సాయంత్రం ఏడు అని రాసుకో" అన్నాను.

"మూడింటికి లేవగలవా?"

"మా పాలెంలో మూడింటికి లేవనోళ్ళు ఎవురుండారు?"

అందులో అబద్ధం లేదు. మైపాడు పక్కన మాది చేపలు పట్టేవాళ్ళ పాలెం. మూడింటికల్లా మా మామ పోలేరయ్య వీధి ఈ కొస నుంచి ఆ కొసకి కేకలేస్తూ నడుస్తాడు. ఆయన సముద్రానికి పోవడం మానేసి చాలా ఏళ్ళయింది గానీ, పడవలెక్కే వాళ్ళని నిద్ర లేపే పని మాత్రం ఎవరికీ వదల్లేదు. ఆ కేకకి మగవాళ్ళు లేస్తారు, వాళ్ళకి సద్ది కట్టడానికి ఆడవాళ్ళు లేస్తారు, కుక్కలు లేస్తాయి. ఇంక అలారం ఎందుకు?

మందు మా పాప చెంగమ్మకి. ఆరేళ్ళది. ఏడాదిగా కడుపునొప్పి అని ముడుచుకు పడుకునేది, పాలిపోయింది, బడిలో నేర్చుకున్నది మర్నాటికి మర్చిపోయేది. నులిపురుగుల మందు వేయించాం, దిష్టి తీయించాం. చివరికి నెల్లూరు డాక్టరు మీరేం పని చేస్తారని అడిగి, రక్తం తీసి మద్రాసు పంపించాడు. రక్తంలో సీసం ఉందని తేలింది. సీసం మెదడుని తింటుందనీ, ఇలాగే వదిలేస్తే పిల్ల చదువుకీ ఎదుగుదలకీ పనికి రాకుండా పోతుందనీ చెప్పాడు. ఆ మాట వినగానే మా ఆయన పెంచల్ నన్ను పట్టుకుని బల్ల మీద కూర్చోబెట్టాడు.

సీసం ఎక్కడిదో వెతుక్కోనక్కర్లేదు. మా ఇంటి పెరట్లోనే ఉంది. వల నీళ్ళలో మునగాలంటే అంచుకి సీసపు గుండ్లు ఉండాలి. పాలెం మొత్తానికి ఆ గుండ్లు పోసేది మా మామే. పాత సీసాన్ని పెరట్లో పొయ్యి మీద కరిగించి అచ్చులో పోస్తాడు. విసురు వలకైతే సీసం ముక్కని తాడు చుట్టూ వంచి పంటితో నొక్కి బిగిస్తాడు. ఆయన బిగించిన గుండు ఊడిందని ఎవరూ అనగా వినలేదు. చెంగమ్మ రోజంతా ఆయన ఒళ్ళోనే. తాత నోట్లో పెట్టుకుంటే తనూ పెట్టుకునేది. తాత కొరికితే తనూ కొరికేది. చూసి మేమందరం మురిసిపోయాం, తాత పోలికే వచ్చిందని.

ఇంట్లో సీసం ఉండగా ఈ మందు వాడితే మేలు కన్నా కీడే ఎక్కువ అన్నాడు డాక్టరు. అందుకని ముందు ఇల్లంతా తడిగుడ్డతో తుడిచాం, చాపలు పారేశాం, పెరట్లో పైమట్టి గీకి ఎత్తించాం. మామ తన పొయ్యినీ అచ్చునీ తీసుకుపోయి దూరంగా ఒడ్డున పాకలో పెట్టుకున్నాడు. అప్పటి నుంచి ఆయన మాతో మాట్లాడటం తగ్గించేశాడు. కోపమో బాధో నేను అడగలేదు. ఆయన నాకు మామే కాదు, మేనమామ కూడా. చిన్నప్పటి నుంచి ఆయన మీద అరిచే అలవాటే గానీ, మెల్లగా అడిగే అలవాటు లేదు.

మందు కుళ్ళిన గుడ్డు కంపు కొడుతుంది. క్యాప్సూల్ గొట్టం విప్పి లోపలి పలుకుల్ని అరటిపండు గుజ్జులో కలిపి పెట్టేదాన్ని. "చేపలోళ్ళ పిల్లవి, నీకు వాసనేందే" అని నవ్విస్తే మింగేది. మొదటి రాత్రి మామ కేక వినబడింది, లేచాను, వేశాను. రెండో రాత్రీ అంతే. నా అంత తెలివైనది ఈ తీరంలో లేదనుకున్నాను.

మూడో రోజుకి వేట నిషేధం వచ్చింది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ నడుమ నుంచి రెండు నెలలు సర్కారు పడవలు ఆపేస్తుంది. ఇది పాలెంలో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. ఆ సాయంత్రం మా పడవని పైకి లాగినప్పుడు తాడు పట్టిన వాళ్ళలో నేనూ ఉన్నాను. ఇంటికొచ్చి ఏడింటి మందు వేశాను, పిల్లని పక్కలో వేసుకుని హాయిగా పడుకున్నాను. రేపటి నుంచి సముద్రానికి ఎవరూ పోరు, కాబట్టి ఎవరూ కేకెయ్యరు అన్న సంగతి మాత్రం నా బుర్రకి తట్టలేదు.

కళ్ళు తెరిచేసరికి కిటికీలో వెలుగొచ్చింది. ఊరంతా గాఢ నిద్రలో ఉంది. అరనిమిషం పాటు ఎంత హాయిగా ఉందో అనుకున్నాను. ఆ తర్వాత మందు గుర్తొచ్చింది.

బయట మామ వేపపుల్లతో పళ్ళు తోముకుంటున్నాడు.

"ఎందుకు కేకెయ్యలేదు?" అని అరిచాను.

"వేట లేందే ఎవుర్ని లేపేది?"

"పాపకి మూడింటికి మందని తెలీదా నీకు?"

"మందుండాదని తెలుసు. నా కేక మీద లేస్తుండావని నాకెవురు చెప్పినారు మే?" అన్నాడాయన.

నిజమే, ఎవరూ చెప్పలేదు. అది నిజం కాబట్టే నాకు ఒళ్ళు మండిపోయింది. "పిల్లకి సీసం తినిపించిందీ నువ్వే, మందు తప్పించిందీ నువ్వే" అనేశాను. ఆయన వేపపుల్ల పారేసి, కండువా భుజాన వేసుకుని, నోరు కూడా కడుక్కోకుండా వెళ్ళిపోయాడు.

ఏడుస్తూ అబిగయీలుకి ఫోన్ చేశాను. ఆమె తిట్టలేదు. "ఇప్పుడే వెయ్యి. తప్పిపోయిందని రెండు కలిపి వెయ్యబాక. ఇప్పటి నుంచి ఎనిమిది గంటలు లెక్కేసుకో. ఫోన్‌లో అలారం పెట్టుకో తల్లీ, మీ మామ గొంతు మీద ఆధారపడితే ఎట్టా" అంది. మందు వేశాను. పాప మింగి, నా మొహం చూసి, "అమ్మా, నీకూ కడుపునొప్పా?" అని అడిగింది.

మధ్యాహ్నం మందు కూడా అయింది. అన్నం వేళ దాటినా మామ రాలేదు. అప్పుడు భయం పట్టుకుంది. నిషేధం రెండు నెలలూ పాలెంలో మగవాళ్ళకి వలలు బాగు చేసుకోవడమే పని. గుండ్లకి గిరాకీ ఉండేది అప్పుడే. నా మీద కోపంతో పాకలో పొయ్యి రాజేసి, ఆ బట్టలతో ఆ చేతులతో నేరుగా పిల్ల దగ్గరికి వస్తే? పెంచల్‌ని పిల్ల దగ్గర కూర్చోబెట్టి ఒడ్డుకి పరుగెత్తాను.

పాకలో పొయ్యి చల్లగా ఉంది. మామ లేడు. గుమ్మం ముందు మాత్రం జనం తెచ్చి పడేసిన పాత సీసం కుప్పగా ఉంది. వల అల్లుకుంటున్న చెంగయ్య నన్ను చూసి, "మీ మామకి ఏమైందక్కా? పొద్దుట్నుంచి ఇల్లిల్లూ తిరుగుతుండాడు" అన్నాడు.

వెతుక్కుంటూ వెళితే వెనక వీధిలో హజరత్తయ్య ఇంటి ముందు కనబడ్డాడు. ఎండలో నిలబడి ఉన్నాడు, గొంతు బొంగురు పోయింది. నన్ను చూడలేదు.

"నేను పోసిన గుండ్లే అబ్బయ్యా. నా చేత్తో పోసినవే. పిల్లోళ్ళని తాకనియ్యబాకండి. మా చెంగమ్మ ఒంట్లోకి పోయింది నా దగ్గర్నించే. మీ పిల్లోళ్ళకి కూడా రక్తం చూపించండి."

"మరి గుండ్లెవురు పోస్తారు?" అని హజరత్తయ్య విసుక్కున్నాడు.

"ఒడ్డున పోసిస్తా. పిల్లోళ్ళని ఆ చాయలకి రానీకండి. పళ్ళతో కొరకబాకండి, కటింగ్ ప్లేయర్‌తో బిగించుకోండి. చేతులు కడుక్కుని, బట్టలు మార్చుకునే ఇంట్లో అడుగు పెట్టండి. నేనూ అట్నే చేస్తా."

తన పని మీద ఒక్క మాట పడనివ్వని మనిషి. అలాంటి మనిషి తన పనే విషమని గడప గడపకీ తనంతట తనే చెప్పుకుంటున్నాడు. నాకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది, ఆయన మీద ఎన్నడూ లేనంత ప్రేమ కూడా వచ్చింది. దగ్గరికి వెళ్ళి, "అన్నానికి రా మామా" అన్నాను. వచ్చాడు.

సంగతి తెలిసి, వారం తిరక్కముందే అబిగయీలు ఇద్దరు ల్యాబు వాళ్ళని వెంటబెట్టుకుని పాలెం వచ్చింది. సూది అనేసరికి పిల్లలు పడవల వెనక దాక్కున్నారు. తల్లులు కూడా వెనకాడారు, ఏదైనా బయటపడితే ఊరి చేపలు ఎవరు కొంటారని. అప్పుడు మామ ముందుకొచ్చి కుర్చీలో కూర్చుని చెయ్యి చాపాడు. ఆ చెయ్యి కొద్దిగా వణుకుతూ ఉంది. వయసు వణుకని మేమెప్పుడూ పట్టించుకోలేదు. ఆయన తర్వాత చెంగయ్య కొడుకు కూర్చున్నాడు, ఆపైన వరస కట్టారు.

పిల్లల్లో చాలామందికి ప్రమాదం లేదన్నారు. కొందరికి కొద్దిగా ఉంది, సీసానికి దూరంగా ఉంచి మంచి తిండి పెడితే చాలన్నారు. అయిదు రోజుల తర్వాత పూటకొకటిగా సాగిన మందు కూడా పూర్తయ్యాక చెంగమ్మకి మళ్ళీ పరీక్ష చేస్తే, సీసం సగానికి పైగా దిగింది. ఎముకల్లో దాగింది మెల్లగా బయటికొస్తుంది, ఇంకొక విడత వాడాల్సి రావచ్చు, కానీ పిల్ల తేరుకుంటుంది అన్నాడు డాక్టరు. ఆ రాత్రి చెంగమ్మ రెండోసారి అన్నం అడిగింది. పెంచల్ సంతోషం పట్టలేక చట్టి మొత్తం దాని ముందు పెట్టాడు.

పాలెం మొత్తంలో అందరికన్నా ఎక్కువ సీసం ఉన్నది మామ ఒంట్లో. అరవై ఏళ్ళుగా పంటితో కొరికింది ఊరికే పోతుందా? ఆయన కడుపునొప్పి, చేతి వణుకు, అయినదానికీ కానిదానికీ చిరాకు, అన్నీ అందువల్లేనేమో అన్నారు. ఆయనకీ మందు రాశారు. గొట్టాలు తెచ్చి ముందు పెడితే పక్కకి నెట్టేశాడు.

"ముసిలోడికి నాకెందుకు మే? పిల్లకి దాచిపెట్టు. దానికి మళ్ళీ కావాల్సొస్తే?"

"దానికి కావాలంటే దానికి వేరే ఇస్తారు" అన్నాను.

"నాకొద్దు. చేసిన పాపానికి అనుభవించనీ."

అప్పుడు నాకు మళ్ళీ కోపం వచ్చింది. ఈసారి దాన్ని ఆపుకోలేదు, ఆపుకోవాలనీ అనుకోలేదు.

"పాపమా? తెలిసి చేసినావా నువ్వు? నాకు అమ్మ పోయినప్పట్నించి అన్నం కలిపి నోట్లో పెట్టింది నువ్వు గాదా? ఆ చేతులు వణుకుతుంటే చూస్తా కూర్చోమంటావా? పసిపిల్ల నయం నీ కన్నా, గమ్మున మింగింది" అంటూ గొట్టం ఆయన పెదాల దగ్గర పెట్టాను. "నోరు తెరువు."

ఆయన నోరు తెరిచాడు.