చాపల విశ్వాసం

మూలనున్న ఆ పొడుగు చాప ఎప్పుడూ అంతే. ఒక కొస పరిస్తే రెండో కొస లేచి చుట్టుకుంటుంది. విశ్వాసం దాని మీద మోకాలు ఆనించి, అరచేత్తో నిమిరి, "పడుకోవే తల్లీ, ఆదివారం పూట నీకేం రోగం?" అని బుజ్జగించాడు. అది మాట విన్నాక గోడ పట్టుకుని లేచాడు. ఈమధ్య ఆ చాపదీ అతని నడుముదీ ఒకటే తంతు. వంగితే లేవదు, లేస్తే వంగదు.

పొట్టి మనిషి. ఎండకి మాగిన నల్లటి ఒళ్ళు, లోపలికి పోయిన డొక్క. తుంగపోచలు కోసి కోసి వేళ్ళ చివర్లు చిట్లీ, మళ్ళీ మానీ, చింతబెరడులా తయారయ్యాయి. ఆదివారం మాత్రం తెల్లచొక్కా మెడ దాకా బొత్తాలు పెట్టుకుంటాడు. ఊళ్ళో కరెంటు పని చేసే విశ్వాసం ఇంకొకడు ఉన్నాడు కాబట్టి ఇతను చాపల విశ్వాసం అయ్యాడు. అసలు పేరు ముందు ఆ మాట లేకుండా ఇతన్ని పిలిచింది ఒక్క పెళ్ళామే. ఆవిడ సుగుణమ్మ కాలం చేసి చాలా ఏళ్ళయింది.

ఆవులలంక చర్చి తాతలనాటిది. దొరగారు కట్టించారు. సున్నంలో కలపడానికి కొల్లేటి బాతులన్నీ ఏడాదిపాటు గుడ్లు పెట్టి పెట్టి నీరసించి, ఆ మరుసటేడు ఈదడం మానేసి గట్టు మీద నడిచే తిరిగాయని విశ్వాసం చెబుతాడు. గోడలు మూరెడు మందం, పైన పెంకుల కప్పు, ఎత్తుగా కమాను కిటికీలు. బల్లలు లేవు, ఎప్పుడూ లేవు. అందరూ నేల మీద తుంగచాపల మీదే కూర్చుంటారు, ఇటు ఆడవాళ్ళు, అటు మగవాళ్ళు. మేష్టారుదీ కూలివాడిదీ ఒకటే చాప.

ఆ చాపలు నేసేదీ, పరిచేదీ, చుట్టి అటక మీద పెట్టేదీ విశ్వాసమే. పూర్వం తుంగ గుమ్మం ముందుండేది. ఇప్పుడు కొల్లేటి వైపు ఎటు చూసినా చేపల చెరువులే. పిడికెడు తుంగ కోసం సైకిలు తొక్కుకుంటూ ఎక్కడెక్కడికో పోతాడు.

వరద కథ కూడా అతనిదే. ఒకసారి ఆరాధన మధ్యలో కొల్లేరు పొంగి నీళ్ళు లోపలికి వచ్చాయట. తన చాపలు మనుషులతో సహా తేలాయట. ఒక్కడికీ పంచె తడవలేదట. ప్రసంగం మొదలైనప్పుడు ఆవులలంకలో ఉన్న సంఘం, ఆమేన్ అనేసరికి కైకలూరు సంతలో ఉందట. "అయ్యగారి ప్రసంగం పొడుగు అలాంటిదండీ, తప్పు వరదది కాదు," అని ముక్తాయిస్తాడు.

ఇవాళ మాత్రం అతనికి కథల మీద మనసు లేదు. కప్పు కురుస్తోందనీ, గోడలు ఉప్పు తేలుతున్నాయనీ గుడిని బాగుచేయిస్తున్నారు. పాత గుడి కాబట్టి గోడలు కూల్చకూడదట, లోపల ఏం మార్చాలన్నా సంఘాన్ని అడిగే చెయ్యాలట. ఏలూరు నుంచి ఇంజినీరమ్మాయి వస్తోంది. ఆరాధన అయ్యాక మీటింగు. బల్లలు వేయాలా, చాపలే ఉంచాలా అన్నది తేలేది అక్కడే.

విశ్వాసానికి చదువు రాదు. పాటకి గొంతు లేదు. ప్రార్థన చెయ్యమంటే మొదటి మాట దగ్గరే నాలుక మడతపడుతుంది. ఆదివారం పొద్దున్నే చాప పరుస్తూ, ఇక్కడ కూర్చునే బాలింత చల్లగా ఉండాలి, ఇక్కడ కూర్చునే ముసలాడికి దగ్గు తగ్గాలి అనుకుంటాడు. దేవుడికి అతను చెప్పుకోగలిగింది అంతే. చాపలు పోతే ఆ ముక్కా పోతుంది.

అందుకే వారం నుంచి నాలుగు మాటలు నేర్చుకుంటున్నాడు. ఖాళీ గుడి మధ్య నిలబడి, చేతులు కట్టుకుని, మళ్ళీ ఒకసారి అప్పజెప్పుకున్నాడు. "అయ్యగారికీ సంఘానికీ వందనాలు. గోడలు మీ ఇష్టం, కప్పు మీ ఇష్టం. చాపలు మాత్రం ఉంచండి."

బాగానే వచ్చింది. ఆ సంతోషంలో చివరి చాప కోసం వంగేసరికి నడుం కలుక్కుమంది. గోడ మీదికి ఒరిగిపోయాడు.

"ఏం బావా, గోడని కావిలించుకున్నావు? మా అక్కనెప్పుడైనా అంత గట్టిగా పట్టుకున్నావా?"

మంచినీళ్ళ బిందెతో హన్నమ్మ. సుగుణమ్మ చెల్లెలు.

"మీ అక్క గోడలా ఓచోట నిలబడేదా? చీపురు తీసుకుని వెంటపడేది గానీ."

"నడుమేనా మళ్ళీ?"

"నడుం కాదు. గోడ ఒరుగుతోందేమోనని ఆపుతున్నా."

హన్నమ్మ నవ్వింది. బిందె దింపి అతని కణతల మీది చెమట చూసింది. నవ్వు ఆపేసింది. బయటికి వెళ్ళి పంపు దగ్గర ఆడవాళ్ళతో ఏదో గుసగుసలాడింది. విశ్వాసం అది గమనించలేదు.

ఇంజినీరమ్మాయి ఇందుజ ఆటో దిగి, వసారా గోడకి రెండు బొమ్మలు అంటించింది. విశ్వాసం దగ్గరికెళ్ళి తల అటూ ఇటూ వంచి చూశాడు. మొదటిదాన్లో బల్లలు అగ్గిపుల్లలు పేర్చినట్టున్నాయి.

"అమ్మాయిగారూ, ఇందులో చాపలు ఎక్కడ పెడతారండీ?"

"ఇందులో ఉండవు తాతగారూ. ఆ రెండో బొమ్మలో చాపలే. ఏది కావాలో మీరంతా చెప్పాలి."

"మేమాండీ?"

"మీ గుడి కదండీ."

పుట్టి ఇన్నేళ్ళయినా ఏది కావాలని అతన్ని ఎవరూ అడగలేదు. చొక్కా పై బొత్తం సరిగ్గా ఉందో లేదో తడుముకున్నాడు.

ఆరాధన అయింది. ఎవరూ లేవలేదు. ఇందుజ బొమ్మలు లోపలికి తెచ్చి, తమకి నచ్చినదాని మీద ఒక్కొక్కరూ ఒక గుర్తు అంటించాలని చెప్పింది. అయితే రంగుకాగితాల బిళ్ళలు తేవడం మరిచిపోయిందట. దారిలో కైకలూరులో దొరికినవి కొనుక్కొచ్చానని సంచిలోంచి తీసింది. బొట్టుబిళ్ళలు! ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"ఈ గుడిలో మొట్టమొదట బొట్లు పంచినదానివి నువ్వేనమ్మా," అన్నాడు సంఘపెద్ద కనకరాజు.

ఇందుజ మొహం కందిపోయింది. పాస్టరు కృపానందం గారు చెయ్యెత్తారు. "కాగితానికి కదండీ పెట్టేది. కాగితం ఇంకా బాప్తిస్మం తీసుకోలేదు, పర్లేదు."

గుడంతా నవ్వింది. తర్వాత ఒక్కొక్కరే లేచారు.

"బల్లలేనండి," అన్నాడు కనకరాజు. "మోకాళ్ళు సహకరించడం లేదు." నిన్న పెళ్ళిలో నేల మీద బాసింపట్టు వేసి రెండు విస్తళ్ళు ఖాళీ చేసినవాడు ఆ మాటన్నాడు.

"బల్లలే," అంది హన్నమ్మ.

"మాకూ బల్లలేనండి," అన్నారు వెనక ఉన్నవాళ్ళు. బాలింత కూడా అదే మాటంది. చంటిది ఆవిడ ముందు చాప మీద కాళ్ళు బార్లా చాపి నిద్రపోతోంది. మాట్లాడినవాళ్ళెవరూ విశ్వాసం కూర్చున్న వైపు చూడలేదు.

అతను వింటున్నాడు. ఒక్కో మాటా వింటుంటే చెవులు వేడెక్కాయి. ఇన్నాళ్ళూ వీళ్ళంతా నొప్పులు ఓర్చుకుని నా మొహం చూసి నేల మీద కూర్చున్నారా! బాధపడతానని పైకి అనలేదు కాబోలు. ఎంత మంచివాళ్ళు. ఇంకా వీళ్ళని కింద కూర్చోబెడితే పాపం కాదూ?

"విశ్వాసం, నువ్వు చెప్పవయ్యా," అన్నారు అయ్యగారు.

లేచి చేతులు కట్టుకున్నాడు. "అయ్యగారికీ సంఘానికీ వందనాలు. గోడలు మీ ఇష్టం, కప్పు మీ ఇష్టం." ఆగాడు. "బల్లలే మంచిదండీ. నాకూ నడుం పోతోంది కదా."

గుడి మొత్తం ఒక్కసారి ఊపిరి వదిలింది. హన్నమ్మ చప్పట్లు కొట్టింది.

"ఇంకోసారి వరదొస్తే కైకలూరు దాకా తేలలేరు, అంతే తేడా," అన్నాడు విశ్వాసం. అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా అతనే నవ్వాడు.

బొట్టుబిళ్ళలన్నీ పడేసరికి బల్లల బొమ్మకి ఆటలమ్మ పోసినట్టయింది. చాపల బొమ్మ తెల్లగా మిగిలింది.

జనం టీ కోసం వసారాలోకి వెళ్ళారు. విశ్వాసం చాపలు చుట్టడానికి లోపలే ఉండిపోయాడు.

ఇందుజ టీ గ్లాసు పట్టుకుని ఆడవాళ్ళ మధ్య కూర్చుంది. "ఒక్క ఓటైనా చాపలకి పడలేదేంటండీ? ఆరాధనలో చూశాను, పిల్లలు ఎంత సుఖంగా పడుకున్నారో."

"బల్లలేం సుఖమండీ, బొమికల నొప్పులు," అంది హన్నమ్మ గొంతు తగ్గించి. "మా బావ నడుం విరిగిపోతోంది. వద్దు, మానెయ్ అంటే వినే మనిషి కాదు. బల్లలు వచ్చేస్తే మొయ్యక్కర్లేదని, పొద్దున్నే అందరికీ చెప్పాను."

"నేనూ అందుకేనండి," అన్నాడు కనకరాజు. "లేకపోతే నా మోకాళ్ళకేం, రాళ్ళు."

ఇందుజ గ్లాసు కింద పెట్టింది. "మరి ఆయన పొద్దున వచ్చి, ఇందులో చాపలు ఎక్కడ పెడతారని నన్నడిగారే. అవి ఉండవంటే ఎలాగో అయిపోయారు."

కనకరాజు తల గోక్కున్నాడు. కృపానందం గారికి ముందు నవ్వొచ్చింది, తర్వాత కళ్ళు చెమ్మగిల్లాయి. "ఒకళ్ళ కోసం ఒకళ్ళు అబద్ధాలాడి గుడి మార్చేయబోయాం కదండీ," అన్నారు.

నిమిషంలో తేలిపోయింది. చాపలు ఉంటాయి. లేవలేనివాళ్ళ కోసం గోడ వారన నాలుగు బల్లలు. మోసేది కుర్రాళ్ళు. విశ్వాసం నిలబడి, ఇలా కాదురా, అలా అని తిడితే చాలు.

"పదండి, చెబుదాం," అని కనకరాజు తలుపు దగ్గరికెళ్ళి, ఆగి, నోటి మీద వేలు పెట్టాడు.

విశ్వాసం ఆడవాళ్ళ వైపు చాప మీద, గోడవైపు తిరిగి, చెయ్యి తల కింద పెట్టుకుని పడుకున్నాడు. ఒక్క చాపా చుట్టలేదు.

"లేపకండి పాపం, పొద్దుటి నుంచి అలిసిపోయాడు," అన్నారు అయ్యగారు.

మొహం మీద ఎండ పడుతోందని కనకరాజు మునివేళ్ళ మీద వెళ్ళి తన కండువా కిటికీకి కట్టి వచ్చాడు. తలుపు చప్పుడు కాకుండా చేరవేశారు. వసారాలో పిల్లలు అరుస్తుంటే పెద్దవాళ్ళు కసిరారు. మనిషి నిద్ర చెడిపోకూడదని ఊరంతా చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగింది.

"నేను చెబుతానులెండి. ఇంత మంచి కబురు ఉత్త చేతుల్తో ఏం చెబుతాను?" అని హన్నమ్మ ఇంటికి పరిగెత్తింది. కొర్రమీను తెప్పించి, చింతపండు పిసికి, పులుసు దగ్గరపడేదాకా పొయ్యి దగ్గర్నుంచి కదల్లేదు.

క్యారేజీ పట్టుకుని వచ్చేసరికి ఎండ వసారా దాటిపోయింది. తలుపు తోసి గుమ్మంలోంచే మొదలుపెట్టింది.

"లేవయ్యా బావా, చాలించు. నీ చాపలు నీకే మిగిలాయి. బల్లలూ లేవు, గిల్లలూ లేవు. మేమంతా నీ నడుం కోసం అన్నామయ్యా ఆ మాట. నువ్వేమో మా కోసం అన్నావటగా? తోడు దొంగలం." క్యారేజీ కిటికీ గట్టు మీద పెట్టింది. "అయ్యగారైతే ఏడ్చినంత పని చేశారు. ఇకనుంచి కుర్రాళ్ళు మోస్తారు, నువ్వు కూర్చుని తిట్టడమే. అది నీకు చేతనైన పనేగా? వింటున్నావా? కొర్రమీను పులుసయ్యా. మా అక్క చేతి రుచి రాదు, వంక పెట్టకుండా తిను."

నవ్వుతూ వంగి అతని పాదం పట్టుకు ఊపింది.

ఊపిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

సాయంత్రానికి ఊరంతా వచ్చింది. పిలవకుండానే అందరూ లోపలికి వచ్చి, అతను పొద్దున పరిచిన చాపల మీద ఎవరి చోట్లో వాళ్ళు కూర్చున్నారు. అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టి పూర్తిచేయలేకపోయారు. ఇందుజ ఏలూరు బస్సు వదిలేసి హన్నమ్మ పక్కన కూర్చుంది. హన్నమ్మ ఏడవడం లేదు. "ముందే లేపాల్సింది. ముందే లేపి చెప్పాల్సింది," అని మాత్రం అంటోంది.

అతన్ని ఇంటికి తీసుకెళ్ళాక, కిటికీ గట్టు మీద క్యారేజీ ఒక్కటే మిగిలింది, మూత తీయకుండా, అడుగు గిన్నె ఇంకా కాస్త గోరువెచ్చగా.