నడుమ చిల్లున్న కిరణం

కేశవరావు అంకులూ, తప్పు మీది! మీదీ, మీ ల్యాబ్ కమిటీదీ! మీటరును కిరణానికి నట్టనడుమ పెట్టి, సిగ్నల్ లేదని ‘ఫెయిల్’ రాసేశారు. కొలతల గదికి తాళమేశారు. ఆ గది లేకపోతే ఫేబీ పీహెచ్‌డీ అంతటితో సరి!

ఈ మాటలు ఎలియాజర్ నోటిదాకా వచ్చి ఆగాయి. వాడు శివారులోని బ్లాక్‌టౌన్ నుంచి ఫేబీతో ఒకే ట్రైన్‌లో యూనివర్సిటీకి వచ్చే జూనియర్. ఆ కిరణాన్ని పుట్టించే ఇత్తడి గొట్టాన్ని ఆమె చేతులు బొబ్బలెక్కేలా ఆకురాయితో రుద్దడం చూసినవాడు.

"ఏడుపు రావట్లేదా అక్కా?"

"ఏడిస్తే బీమ్ మెలి తిరుగుద్దా? టేబుల్ కారిడార్‌లోకి లాగు."

గొట్టంలోకి ఆమె రెండు రేడియో తరంగాలు వదిలింది. రెండోది మొదటిదానికి పావు చుట్టు వెనకగా. రెండూ కలిసి మరమేకులా మెలి తిరుగుతూ బయటికి రావాలని ఆమె లెక్క.

ఎలియాజర్ మీటరును నడుమ పెట్టాడు. సున్నా.

"కమిటీ చెప్పిందే నిజమేమో అక్కా. డెడ్ అయిపోయింది."

ఫేబీ టిఫిన్ డబ్బా తెరిచి, వాళ్ళమ్మ వండిన గారెను వాడి ముక్కు ముందు పెట్టింది.

"నడుమ ఏముంది?"

"చిల్లు."

"అందుకని గారె ఫెయిలా? మెలి తిరిగిన బీమ్‌కి నడుమ ఖాళీయేరా. అక్కడ సిగ్నల్ ఉంటేనే నా డిజైన్ తప్పు. పక్కకి జరుపు."

జరిపాడు. సిగ్నల్ ఎగిరి లేచింది! ఆ ఖాళీ చుట్టూ మీటరును గుండ్రంగా తిప్పుకుంటూ పోయాడు. మీటరు తెరమీద తరంగం ఎంత వెనకబడిందో చూపే ముల్లు కూడా వాడితోపాటే తిరిగింది. వాడు మొదలెట్టిన చోటికి చేరేసరికి అదీ ఒక చుట్టు పూర్తి చేసింది. అంటే బీమ్ మెలి తిరిగినట్టే! కంటికి కనబడనిదాన్ని తాడులా పేనిన మనిషి, పక్కనే నిలబడి గారె నములుతోంది!

"అక్కా, నువ్వు మనిషివి కావే బాబూ!"

"చెయ్యి వణికించకు. రీడింగ్ పాడవుద్ది."

అప్పుడే తన ఆఫీసు గది తలుపు తీసుకుని కేశవరావు బయటికొచ్చాడు. "కారిడార్‌లో ఏంటయ్యా ఈ గోల?"

ఈసారి మాట ఆగలేదు. ఎలియాజర్ మీటరు ఆయన చేతిలో పెట్టాడు.

"మీరే తిప్పి చూడండి అంకుల్. చూశాక ఆ ఫెయిల్ కొట్టేయండి. కొలతల గది తాళం ఇప్పుడే, ఇక్కడే, ఫేబీ అక్క చేతికివ్వండి!"