షావుకారు రెండో కన్ను

కళ్లద్దాలమ్మే తన షాపుకెళ్లే ముందు కళ్లద్దాలాయన రోజూ చేసే పని ఒకటే. ముందుగదిలో అద్దాల బీరువా తెరిచి, కంచు పతకాలను ఒక్కొక్కటే అరచేతిలోకి తీసుకుని మెత్తటి గుడ్డతో తుడిచేవాడు. అన్నిటిమీదా ఒకే మనిషి పక్కముఖం. బ్యాంకులు పెట్టి కోట్లు గడించి, అందులో సగం బొమ్మలు గీసేవాళ్లకి ధారపోసిన షావుకారు. ఆయన ఎక్కడ చిత్రశాల కట్టించినా, జ్ఞాపకంగా ఒక పతకం పోతపోసేవారు.

మనిషి పోయినా షావుకారుకి బొమ్మల పిచ్చి పోలేదు. మంచి బొమ్మ దగ్గర్లో ఉంటే చాలు, పతకంలో ముఖం అటు తిరిగేది. అది అందరికీ తెలిసిందే. మెడ తిరిగిన పతకమంటే సేకరించేవాళ్లకి చిన్నచూపు. అందుకే ఆ ఇంట్లో గోడమీద క్యాలెండరు కూడా ఉండేది కాదు. పెళ్లయిన కొత్తలో భార్య రంగుల డబ్బా తెచ్చుకుంటే, "ఇవి మనింట్లో కుదరవు, ఏమీ అనుకోకు" అన్నాడు. ఆవిడ ఏమీ అనుకోలేదనే ఆయన నమ్మకం. డబ్బా ఏమైందో మళ్లీ అడగలేదు.

ప్రదర్శనకి పతకాలు ఎంచడానికి, సేకరించేవాళ్ల సంఘం పెద్దాయన ఇంటికొచ్చాడు. బీరువా తెరిచేసరికి ముఖాలన్నీ వంటింటివైపు తిరిగి ఉన్నాయి. పెద్దాయన కూడా అటే చూశాడు.

"లోపలేం పెట్టావయ్యా?"

"ఏం లేదండీ. మా ఆవిడ కూరలు తరుగుతోంది, అంతే."

వెళ్లి చూస్తే నిజంగానే తరుగుతోంది. డబ్బాలు జరిపాడు, చాట వెనక చూశాడు. చివరికి సామాన్ల అలమర తలుపు తెరిస్తే, దాని లోపలివైపు బొమ్మ ఉంది. ఒక మగవాడు ఇటు వీపు పెట్టి, మెడ వంచి ఏదో తుడుచుకుంటున్నాడు. పక్కన చల్లారిపోయిన కాఫీ గ్లాసు. ఆ మెడ తనదేనని పోల్చుకోవడానికి ఆయనకి కొంచెంసేపు పట్టింది.

"ఎప్పుడు గీశావిది?"

"మీరెప్పుడూ అటే తిరిగి ఉంటారుగా. తీరిగ్గానే గీశాను."

ఆ మాట ఆయనకి ఎక్కడో తగిలింది. కానీ ముందుగదిలో పెద్దాయన దగ్గు వినిపించింది. "పరువు పోయేట్టుంది. ముందు తుడిచెయ్" అన్నాడు గొంతు తగ్గించి.

ఆవిడ కత్తి పక్కన పెట్టింది. గుడ్డ తడిపి రుద్దింది. గ్లాసు చెరిగిపోయింది. గుడ్డ మెడ దగ్గరికి వచ్చింది.

"అమ్మాయ్, ఆగు! ముఖాలు కదుల్తున్నాయి. ఒక్కసారిలా రా!" ముందుగదిలోంచి పెద్దాయన కేక.

ఆవిడ గుడ్డతోనే వంటింటి గుమ్మంలోకి వచ్చింది. పతకాల్లో ముఖాలు ఇంకాస్త తిరిగి నిండుముఖాలయ్యాయి. షావుకారు రెండో కన్ను అప్పటిదాకా ఎవరూ చూడలేదు. ఆ కళ్లు అలమరని చూడటంలేదు, ఆవిడని చూస్తున్నాయి. ఆవిడ పక్కకి జరిగితే వెంటే జరిగాయి.

ఆవిడ కూడా వాటికేసి చూసింది. తరవాత లోపలికెళ్లి గుడ్డ పిండి ఆరేసి, స్క్రూడ్రైవర్ వెతికి, అలమర తలుపు బందులు విప్పడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నావ్?"

"తీసుకెళ్తున్నాను."

"ఎక్కడికి?"

"గోడకి తగిలించనిచ్చే చోటికి. మా చెల్లెలింటికి."

"మరి ఎప్పుడొస్తావ్?"

"ముందు ఆ గ్లాసు మళ్లీ గీయాలి కదండీ" అంది.

తలుపు చంకన పెట్టుకుని మెట్లు దిగింది. పెద్దాయన గబగబా వెళ్లి గేటు తీసి పట్టుకున్నాడు. కళ్లద్దాలాయన గుమ్మంలో నిలబడి, వీధి మలుపు తిరిగేదాకా ఆవిడ వీపునే చూశాడు.