బొట్టు కింద అంకె

నేను ఒక లెన్సును. దూరాన ఉన్న మనిషిని దగ్గరకు తెచ్చే పొడుగు రకం. చెంచులక్ష్మి ఫోటో చెదిరిపోవడంలో నా పాపమెంత అన్న సందేహం ఇరవై రెండేళ్లుగా నన్ను వదలలేదు.

ఎక్కడో చలిదేశంలో గాజును సానపట్టి నన్ను తయారుచేశారు. మొదట కొన్న డాక్టరుగారు పిట్టలను తీస్తానన్నారు. నన్ను బీరువాలో పెట్టి పిట్టల సంగతే మరచిపోయారు. ఆయన దగ్గర నుంచి కందుకూరులో స్టూడియో నడిపే భావనారాయణ చేతికి వచ్చాను. ఆయన రోజూ నన్ను కళ్లకద్దుకుని గాని మూత తీసేవాడు కాదు.

ఆ విజయదశమి నాడు ఆడపిల్లల కబడ్డీ ఫైనలు. ఆట మొదలవక ముందే, జట్టులో ఆడే చెంచులక్ష్మి ఆయన దగ్గరకు వచ్చింది.

"అన్నా, నేను ఎగిరేటప్పుడు ఒక్క ఫోటో తియ్యి. మా నాయన ఆట చూడ్డానికి రాడు. ఫోటో చూస్తేనన్నా రాష్ట్రం పోటీలకు పంపిస్తాడేమో."

"ఎగరడం నీ వంతు, తియ్యడం నా వంతు. పోమ్మా."

పొద్దున ఇంట్లో అమ్మవారి పూజను ఆయన చిన్న లెన్సుతో, కదలని వాటికి సరిపోయే అరవై స్పీడులో తీశాడు. ఆ తర్వాత ఆయుధపూజలో భార్య సుబ్బరత్నం కెమెరాకు గంధం, కుంకుమ దట్టంగా పెట్టింది. అది స్పీడు చక్రం మీద పడి అంకెలను కప్పేసింది. మైదానంలో నన్ను బిగించాక ఎగిరే మనిషి చెదరకుండా పడాలని ఆయన చక్రాన్ని ఐదు వందలకు తిప్పబోయాడు. పూజ బొట్టు సాయంత్రం దాకా చెరగకూడదని వేలి కొసతో మెల్లగా తిప్పాడు. ఎండిన గంధంలో చక్రం కదలలేదు. కదిలిందనుకున్నాడు.

ఇద్దరు చేతులు కలిపి అడ్డం నిలబడితే, చెంచులక్ష్మి వాళ్ల మీదుగా దూకింది. అంత అందంగా దూకడం నేను మళ్లీ చూడలేదు. ఫోటోలో మాత్రం తెల్లబారిన ఒక పొగ. దూరాన్ని పెంచి చూపే నేను చేతి అదురును కూడా పెంచుతాను. ఆ తప్పు నాది. కానీ బొట్టు తుడిచినంత మాత్రాన అమ్మవారు కోపగించుకునేదా? ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ ఫోటో చూసి వాళ్ల నాయన, "దీంట్లో నువ్వు యాడున్నావే?" అన్నాడట. ఆమె పోటీలకు వెళ్లలేదు.

మొన్న ఆడపిల్లల హాస్టల్ వార్షికోత్సవానికి వెళ్లాం. అక్కడ వంట చేసేది చెంచులక్ష్మే. పొద్దునపూట పిల్లలకు కబడ్డీ నేర్పేదీ ఆమే.

"నీకొక ఫోటో బాకీ ఉన్నానమ్మా. ఒక్క కూత పెట్టు," అన్నాడు భావనారాయణ.

"ఈ మోకాళ్లతోనా అన్నా? పిల్లలు నవ్వుతారు."

"రా అక్కా, పప్పులో ఉప్పెక్కువైనందుకు నిన్ను పట్టుకోవాల," అందొక పిల్ల.

చెంచులక్ష్మి కొంగు బిగించి దిగింది. ఆయన చేతులకు ఇప్పుడు వణుకు. అందుకని కొత్త కెమెరాకు నన్ను తగిలించి, స్పీడు వెయ్యికి పెట్టి, అంకెను రెండుసార్లు చదువుకున్నాడు. ఆమె ఎగరలేదు. కాలు పట్టుబడి, మట్టిలో పడి, నడిగీత కోసం చేయి చాచింది. వేళ్ల సందున లేచిన దుమ్ము కూడా ఫోటోలో రేణువు రేణువుగా పడింది.

మర్నాడు ఫోటో అచ్చు వేయించి ఆయనే తీసుకెళ్లాడు. చెంచులక్ష్మి చేతులు కడుక్కుని అందుకుంది. చాలాసేపు చూసింది.

"మా నాయన లేడన్నా ఇప్పుడు."

"తెలుసమ్మా. ఇది నీకు."

ఆమె దాన్ని పిండి డబ్బాకు ఆనించి, పొయ్యి మీది పప్పు దించింది.