ఇక నువ్వు చెప్పు

నేను ఒక ఇత్తడి మీటని. మోర్స్ కీ అంటారు. పైన నల్లటి గుండీ, కింద చిన్న స్ప్రింగు, అదే నా ఆస్తి. నన్ను నొక్కి వదిలితే డిట్, నొక్కి కాసేపు ఉంచితే డా. ఈ రెండు ముక్కలతో అక్షరాలు కూర్చి, సరదాకి ఇంట్లో సొంత రేడియో పెట్టుకునే హామ్ రేడియో వాళ్ళు సముద్రాల అవతలి మనుషులతో కబుర్లాడతారు. పక్కగదిలో మనిషితో మాత్రం మాట్లాడరు. ఆ సంగతే చెప్పబోతున్నాను.

కాకినాడ జగన్నాథపురంలో, విరగ్గొట్టిన లాంచీ తాలూకు ఇత్తడి ముక్కతో నన్ను లేతు మీద చేయించుకున్నాడు ఏడిద త్రినాథం. ఆయనకు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పని. ఉద్యోగం కడుపు కోసం, రేడియో ప్రాణం కోసం. లైసెన్సు వచ్చిన రోజున నా మీద వేలు వేసి "సీ క్యూ" అని పంపాడు. ఎవరైనా ఉన్నారా అని దాని అర్థం. చివర డా డిట్ డా. అంటే, నా మాట అయింది, ఇక నువ్వు చెప్పు అని. హామ్‌ల మర్యాద అది. ఎంత గొప్పవాడైనా ఎదుటివాడికి వంతు ఇవ్వాల్సిందే.

త్రినాథానికి ఒకటే బెంగ, ఇందులోకి కొత్తవాళ్ళు రావడం లేదని. బస్సులో పక్కసీటు వాడినీ, పెళ్ళి భోజనాల్లో ఎదుటి విస్తరి వాడినీ వదిలేవాడు కాదు. "లైసెన్సు పరీక్షదేముందండీ, నేను నేర్పుతాను కదా! ఆదివారం మా ఇంటికొచ్చెయ్యండి" అనేవాడు. వచ్చేవారు. వరండాలో బల్ల మీద నన్ను బజరుకు తగిలించి నేర్పేవాడు. "ముందు వినాలి బాబూ! చెయ్యి తర్వాత, చెవి ముందు" అని కసిరేవాడు. వాళ్ళు నాలుగు వారాలు పెసరట్లు తిని, ఆ తర్వాత మొహం చాటేసేవారు. సెల్‌ఫోన్లు వచ్చాక పెసరట్లకు కూడా ఎవరూ రాలేదు.

ఆ పెసరట్లు వేసేది ఆయన భార్య నాగరత్నం. నీకు నేర్పనా అని ఆయన ఆమెను ఏనాడూ అడగలేదు. చెడ్డవాడు కాదు. తట్టలేదు, అంతే. దీపం కింద చీకటి అని ఊరికే అన్నారా!

ఒక ఆదివారం వంటింట్లోంచి గరిటె చప్పుడు వినిపించింది, మూకుడు మూత మీద, తట్టితే డిట్, గీస్తే డా. అవి అక్షరాలు! అన్నం చల్లారిపోతోంది అని, చివర డా డిట్ డా. ఆయన చెవులకు హెడ్‌ఫోన్లు ఉన్నాయి. జవాబు లేదు. ఆ తర్వాత ఆ గరిటె ఎన్నిసార్లు మోగిందో! ప్రతిసారీ ఆమె వంతు ఇచ్చేది, కాస్సేపు ఆగేది, తర్వాత పళ్ళెం తెచ్చి ఆయన ముందు పెట్టేది. నా అంతట నేను పలకగలిగితే అరిచి చెప్పేదాన్ని. నా నోరు ఆయన వేలి కింద ఉంది.

రిటైరయిన ఏడాదే త్రినాథానికి పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. రేడియో గదిలోనే ఇనుప మంచం వేసి పడుకోబెట్టారు. ఎడమచేతి వేళ్ళు మాత్రం మంచం కడ్డీ మీద ఆగకుండా కదిలేవి.

"చెయ్యి వణుకుతోందమ్మా, డాక్టరు గారికి చెప్పి మందు రాయిద్దాం" అంది సూది వెయ్యడానికి వచ్చిన నర్సు.

"వణుకు కాదమ్మా" అంది నాగరత్నం. "మంచినీళ్ళు అడుగుతున్నారు."

నీళ్ళు తాగించి, చెంచాతో అదే కడ్డీ మీద కొట్టింది: ఇంకా కావాలా?

ఆయన ఆమె వంక చూసిన చూపు నేను మరచిపోలేను. వేళ్ళు తడబడుతూ అడిగాయి: ఎప్పుడు నేర్చుకున్నావు?

"ఊరందరికీ నేర్పారు కదండీ" అంది ఆమె. "గోడలకి చెవులుంటాయంటారు, వంటింటికి ఉండవా ఏంటి?"

నవ్వుతూనే అంది. ఆయన ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఇత్తడికి కన్నీళ్ళు రావు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

ఇక రోజంతా కబుర్లే. ఆయన వేలు, ఆమె చెంచా. పెళ్ళయిన కొత్తలో తిరునాళ్ళలో తప్పిపోయిన సంగతి దగ్గర్నుంచి పెసరట్టులో అల్లం దాకా అన్నీ దొర్లాయి. ఒక సాయంత్రం ఆయన కడ్డీ మీద కొట్టాడు: నువ్వు పరీక్ష రాయి. నా కీ నీదే. డా డిట్ డా.

"ఈ వయసులో నాకు పరీక్షలేంటండీ! రేపు చెప్తాన్లెండి" అని ఆమె పాలు కాచడానికి లేచింది.

తెల్లారేసరికి ఆయన లేడు. ఇచ్చిన వంతు అలాగే ఉండిపోయింది.

నాగరత్నం పరీక్ష రాసింది. లైసెన్సు చేతికి రావడానికి ఏడాది దాటింది. వచ్చిన రోజు పొద్దున్నే తలస్నానం చేసి నా ముందు కూర్చుంది. "చెప్తానన్నాను కదండీ" అని నా మీద వేలు పెట్టింది. నా స్ప్రింగు బిగుసుకుపోయింది. అది ఆయన చెయ్యే! చివరి డాని ఆయన కాస్త సాగదీసేవాడు. ఆమె కూడా సాగదీసింది. విని విని నేర్చుకున్నది కదా, ఆయన తప్పుతో సహా వచ్చేసింది.

ఎవరైనా ఉన్నారా అని అడిగింది. రేడియోలో హోరు తప్ప ఏమీ లేదు. ఆమె నిజంగా ఎవరిని పిలిచిందో నాకు తెలుసు. ఆయన పలకడని ఆమెకూ తెలుసు.

అయినా రోజూ పొద్దున్నే పిలుస్తుంది. మీరెవరైనా నేర్చుకుని పలకండి. తప్పులు దొర్లితే దొర్లనివ్వండి, ఆమె ఓపికగా వింటుంది. గరిటె పట్టుకుని అన్నేళ్ళు జవాబు కోసం ఆగిన మనిషికి ఓపిక ఒకరు నేర్పాలా?

ఇదిగో, మళ్ళీ పిలిచింది. డా డిట్ డా. వేలు తీసి వింటోంది. హెడ్‌ఫోను ఒక చెవికే పెట్టుకుంది. రెండో చెవి ఆ ఇనుప మంచం వైపు వదిలేసింది.