గోడలో క్యారెట్

కింది వాటా గడియారాల ఆయన ఆ ఉదయం గొడుగు వేసుకుని వచ్చి తలుపు కొట్టాడు. బయట ఎండ పెళ్లున కాస్తోంది.

"వంటింట్లో గొడుగేసుకుని టీ పెట్టుకున్నానమ్మా," అన్నాడు కోడలితో. "మీ బాత్‌రూం మా నెత్తిన కారుతోంది. మర్యాదగా చెప్పడం ఇదే ఆఖరు."

ఆయన గడియారాలు బాగుచేస్తాడు. నెమ్మదైన మనిషి. అలాంటివాడే గొంతు పెంచాడంటే కింద పరిస్థితి ఎలా ఉందో కోడలికి అర్థమైంది. ఆమె ఇంట్లోనే బట్టలు కుడుతుంది. భర్త వంతెనలు కట్టే కంపెనీలో పనిచేస్తాడు, పని ఎక్కడుంటే అక్కడే మకాం. ఇంట్లో ఉన్నది తనూ, అత్తగారూ. ప్లంబరుకి ఎప్పుడు ఫోన్ చేసినా "దారిలో ఉన్నానండీ" అంటాడు.

"ఆ దారి ఎక్కడికి పోతుందో గానీ, మనింటికి మాత్రం రాదు," అంది అత్తగారు.

కోడలు బాత్‌రూంలోకి వెళ్లి షవరు కింద గోడమీద వేలితో కొట్టి చూసింది. ఒకచోట గట్టిగా, ఇంకోచోట డొల్లగా మోగింది. డొల్లగా మోగినచోట టైలు అంచున తడి ఊరుతోంది. కొన్నాళ్లుగా ఆమె కుట్టుమిషను పక్కన ఫోన్ పెట్టుకుని, గోడలు పగలగొట్టేవాళ్ల వీడియోలు, టైల్స్ అతికించేవాళ్ల వీడియోలు అదేపనిగా చూస్తోంది. ఎందుకు చూస్తోందో తనకే తెలియలేదు. ఇప్పుడు తెలిసింది.

"మనమే చేసేద్దాం అత్తయ్యా!"

అత్తగారు ఆమెను ఎగాదిగా చూసింది. "జాకెట్టు కుట్టినట్టు అనుకున్నావా అమ్మాయ్?"

"కొలవడం, కొయ్యడం, అతికించడం. అంతేగా! పైగా జాకెట్టు కొలతలు తీసుకునేటప్పుడు మనిషి కదులుతుంది. గోడ కదలదు."

 అత్తగారు గదిలోకి వెళ్లి మంచం కిందనుంచి సుత్తి లాగింది.

"ఆ పాచిరంగు టైల్స్ మీ మామగారు ముచ్చటపడి వేయించారు. ఆయన మనసు కష్టపెట్టలేక నోరు మూసుకున్నాను. మొదటి దెబ్బ నాది."

ఆ దెబ్బకి టైలు నాలుగు చెక్కలైంది. అత్తగారి మొహం వెలిగిపోయింది. రెండో దెబ్బ కోడలిది. పెళ్లయి వచ్చినప్పటినుంచీ ఆ ఇంట్లో గరిటె తీసుకోవాలన్నా "తీసుకోనా అత్తయ్యా" అని అడిగే పిల్ల ఆమె. అలాంటిది అదే ఇంటి గోడని పగలగొడుతుంటే ఎక్కడలేని హుషారు పుట్టుకొచ్చింది. పెచ్చులు ఎగిరాయి, దుమ్ము లేచింది. ఇద్దరూ తుమ్ముకుంటూ, నవ్వుకుంటూ మధ్యాహ్నానికి షవరు వైపు గోడంతా ఒలిచేశారు. లోపల దొంగ దొరికాడు. ఇనపగొట్టం మలుపు తిరిగేచోట తుప్పుపట్టి, చుక్క చుక్కా చెమరుస్తోంది.

కోడలు బాత్‌రూం వాల్వు బిర్రుగా తిప్పి కట్టేసింది. కట్టేశాననుకుంది. పానా పట్టించి బలమంతా పెట్టి గొట్టాన్ని తిప్పింది. కటుక్కుమంది. గొట్టం విరిగి చేతిలోకొచ్చింది. గోడలోంచి నీళ్లు రివ్వున ఎగజిమ్మి ఎదురుగోడని కొట్టాయి.

"అత్తయ్యా! చెయ్యి అడ్డం పెట్టండి!"

అత్తగారు అరచెయ్యి అదిమింది. నీళ్లు వేళ్ల సందుల్లోంచి నాలుగువైపులా చిమ్మాయి. కోడలు వాల్వు పిడిని ఎంత తిప్పినా అది ఊరికే గిరగిరా తిరిగింది. ఇక లాభం లేదని పానా పట్టుకుని మెట్లమీదుగా డాబా పైకి పరుగెత్తింది. అందరికీ నీళ్లిచ్చే ట్యాంకు అక్కడుంది. దాని వాల్వు మొరాయించింది. పళ్లు బిగబట్టి వేలాడితే మూలుగుతూ మూసుకుంది.

ఆమె దిగుతుంటే పైవాటా తలుపు తెరుచుకుంది. తువ్వాలు చుట్టుకున్న పెద్దమనిషి మొహం నిండా సబ్బుతో, కళ్లు గట్టిగా మూసుకుని నిలబడ్డాడు.

"ఎవరండీ నీళ్లు కట్టేసింది? కళ్లు మండిపోతున్నాయి!"

"ఒక్క క్షణం బాబాయిగారూ, కళ్లు తెరవకండి!"

ఆమె రొప్పుతూ ఇంట్లోకి వచ్చేసరికి అత్తగారు తడిసి ముద్దయి, బోర్లించిన బకెట్టు మీద తీరిగ్గా కూర్చుని ఉంది. చేతిలో సుత్తి. గోడ కన్నంలోంచి ఏదో ఎర్రగా పొడుచుకొచ్చి ఉంది.

"ఏంటత్తయ్యా అది?"

"క్యారెట్. కనిపించట్లా? నువ్వు నీళ్లు కట్టకముందే నేను కట్టేశా. కన్నం చూశాను, బుట్టలో సైజు ఏరాను, దిగ్గొట్టాను."

కోడలు మళ్లీ పైకి పరుగెత్తి ట్యాంకు వాల్వు తిప్పింది. కిందికొచ్చి చూస్తే క్యారెట్ చెక్కుచెదరలేదు. పైనుంచి బాబాయిగారు "అమ్మయ్యా!" అనడం మెట్లదాకా వినిపించింది.

ఇంతలో గడియారాల ఆయన ఉగ్రంగా ఊగిపోతూ వచ్చాడు. "ఇంతకుముందు చుక్కలు! ఇప్పుడు ధార! అసలు మీరు..." అంటూ బాత్‌రూం గుమ్మంలో ఆగిపోయాడు. క్యారెట్‌ని చూశాడు. జేబులోంచి భూతద్దం తీసి కంటికి తగిలించుకుని వంగి మరీ చూశాడు. ఎంత ఆపుకుందామన్నా మీసాల కింద నవ్వు ఆగలేదు.

"విరిగిన ముక్క లోపలే ఉండిపోయింది," అన్నాడు. "మొరటుగా లాగితే గొట్టం బిగించే మరలు పాడైపోతాయి. మళ్లీ గోడంతా తవ్వాలి."

"రంపం బ్లేడుతో ముక్కకి లోపలనుంచి గాట్లు పెట్టి, లోపలికి వంచితే ఊడొస్తుందట. వీడియోలో చూశానండీ. కానీ మరలకి బ్లేడు తగులుతుందేమోనని భయం."

"ఇటివ్వు. సన్నపని నాది."

పోట్లాటకొచ్చిన మనిషి చొక్కా చేతులు మడిచాడు. ఈసారి నీళ్లు కట్టే ముందు అత్తగారు వాటావాటాకీ తిరిగి, "బకెట్లు నింపుకోండి, ఎవరూ సబ్బు మాత్రం రాసుకోకండి" అని చాటింపు వేసి వచ్చింది. క్యారెట్ పీకారు. కోడలు టార్చిలైటు పట్టింది. గడియారాల ఆయన నాలుక కొన పళ్లమధ్య పెట్టుకుని, మరలకి బ్లేడు తగలకుండా, వెంట్రుకంత వెంట్రుకంత కోశాడు. తర్వాత సన్నటి ఉలితో చిన్నగా తట్టాడు. ముక్క ముడుచుకుని టంగుమని నేలమీద పడింది.

ముగ్గురూ ఒక్కసారే కేక పెట్టారు.

సామాన్ల కొట్టునుంచి తెచ్చిన కొత్త ప్లాస్టిక్ గొట్టానికి కోడలు తెల్లటేపు చుట్టి, దారం ముడి బిగించినంత ఒడుపుగా బిగించింది. తిరుగుబోతు వాల్వు పీకేసి కొత్తది పెట్టింది. నీళ్లు వదిలారు. అత్తగారు పాత నూలుగుడ్డ ముక్కతో అతుకు చుట్టూ తుడిచి, దాన్ని చెంపకి ఆనించుకుంది.

"పొడి! పొడిగా ఉందే!"

నేల కూడా ఒలిచి, నీళ్లు దిగకుండా పూత పూశారు. ఆరాక నేలమీద నీళ్లు పోయే జాలీకి గుడ్డ కుక్కి, గుమ్మానికి అడ్డుకట్ట కట్టి బాత్‌రూంని చెరువు చేశారు. అసలు పరీక్ష అదే. గడియారాల ఆయన తన వంటింట్లో మడతమంచం వేసుకుని, కప్పుకేసి చూస్తూ పడుకున్నాడు. పైన అత్తాకోడళ్లకి కాలు నిలవలేదు.

ఉన్నట్టుండి కిందనుంచి కేక. "పడింది! నా ముక్కుమీద పడింది!"

 ఇద్దరూ దడదడా మెట్లు దిగారు. ఆయన భార్య పొయ్యి దగ్గర నడుంమీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది.

"మూత పెట్టకుండా గిన్నెడు నీళ్లు మరగబెట్టి, దాని పక్కనే పడుకున్నారు. పైన చల్లటి గచ్చు. ఆవిరి చుక్కవదూ?" అని పొయ్యి కట్టేసింది.

కప్పు తుడిచి మళ్లీ చూశారు. ఎంతసేపు చూసినా ఇంకో చుక్క పడలేదు. ఆయన లేచి తన గొడుగుని ముడిచి మూల పెట్టాడు. ఆ పని అయ్యేదాకా మీ స్నానాలు మా ఇంట్లోనే అని ఆయన భార్య ఒట్టు వేయించుకుంది.

ఇక కొత్త టైల్స్. కోడలు వాటిని ముందు హాల్లో పరిచి, బట్ట కోతకి గీసుకున్నట్టు కాగితంమీద వరసలు గీసుకుంది. నీలం సుద్దపొడి పూసిన దారాన్ని గోడకి బిగలాగి వదిలితే తిన్నటి నీలిగీత పడింది. కుళాయి గొట్టం వచ్చేచోట కాగితాన్ని జాకెట్టు మెడలా గుండ్రంగా కత్తిరించి, ఆ అచ్చు ప్రకారం టైలు కోయించుకొచ్చింది. అత్తగారు జిగురుసిమెంటు కలిపింది. కోడలు పళ్లున్న తాపీతో గోడకి పట్టించి, ఒక్కో టైలూ అదిమి, చిన్న చిన్న ప్లాస్టిక్ ముక్కలతో సందులు సరిచేసింది. వరస పెరుగుతున్న కొద్దీ ఆమెకి తిండి ధ్యాస కూడా లేకపోయింది.

"ఆ మూడోది పీకు," అంది అత్తగారు వెనకనుంచి.

"ఎందుకత్తయ్యా? వెంట్రుకవాసి తేడా. ఎవరికి కనిపిస్తుంది?"

"నాకు. మోకాళ్లనొప్పులతో పీటమీద కూర్చుని స్నానం చేసేదాన్ని. సరిగ్గా నా కళ్లెదురుగా ఉంటుంది. రోజూ నన్ను వెక్కిరిస్తుంది."

కోడలికి చిర్రెత్తుకొచ్చింది. విసురుగా రసమట్టం తీసి టైలుమీద పెట్టింది. బుడగ నెమ్మదిగా ఒక పక్కకి జరిగింది. ఇద్దరూ బుడగని చూశారు. కోడలు టైలు పీకింది.

"ఇదిగో, ఇక మీరే పెట్టండి," అని తాపీ చేతికిచ్చింది. కోపంతో అన్నదే గానీ, అత్తగారు నిజంగానే కొంగు దోపుకుని ముందుకొచ్చింది. పెట్టిన టైలు గీత కొట్టినట్టు కుదిరింది. ఆ వరసంతా ఆవిడే పెట్టింది. పక్కవరస కోడలు. ఎవరి వరస ముందు మూలకి చేరుతుందోనని పందెం వేసుకున్నారు. గెలిచిందెవరో ఇప్పటికీ తేలలేదు. ఇద్దరూ తానేనంటారు.

నేలకి జాలీవైపు వాలు పెట్టి టైల్స్ పరిచి, సందులు పూడ్చి, తెల్లపొర తుడిచి, గోడలు మెరిపించిన సాయంత్రమే కొడుకు సంచీతో దిగాడు. ఒళ్లంతా ప్రయాణపు దుమ్ము.

"ముందు స్నానం చేసొస్తా," అంటూ కదిలాడు.

"ఆగు!" అన్నారిద్దరూ ఒక్క గొంతుతో.

"మొదటి స్నానం నాది," అంది అత్తగారు. "పెద్దదాన్ని."

"గొట్టం బిగించింది నేను!"

"క్యారెట్ ఎవరిది?"

 అత్తగారు తువ్వాలు భుజాన వేసుకుని దర్జాగా లోపలికెళ్లి గడియ పెట్టుకుంది. గొట్టమేమిటో, క్యారెట్ ఏమిటో తెలియక కొడుకు భార్యకేసి చూశాడు. ఆమె తలుపుకి చెవి ఆనించి నిలబడింది. నేల వాలు సరిగ్గా వచ్చిందో లేదోనని ఆమె ప్రాణం గిలగిల్లాడుతోంది.

లోపల చెంబెడు నీళ్లు కుమ్మరించిన చప్పుడైంది.

"అమ్మాయ్!" అత్తగారి కేకకి గోడలు దద్దరిల్లాయి. "జాలీవైపే పోతున్నాయే! ఒక్క చుక్క కూడా ఆగట్లా! అన్నీ జాలీవైపే!"

కోడలు ఎగిరి గంతేసింది.

"నీళ్లు జాలీవైపు కాక ఎటు పోతాయి?" అన్నాడు కొడుకు అయోమయంగా.

"నీకేం తెలుసు!" అని అతని దుమ్ముచొక్కాని పట్టుకుని ఊపేస్తూ, "ఇంకో చెంబు పొయ్యండి అత్తయ్యా! మూలకి పొయ్యండి, మూలకి!" అని తలుపు బాదింది.