పదకొండు దరఖాస్తులు

"దాని మీద తడిగుడ్డ పెట్టకు." ఆ ఇంట్లో ఆమెకి రోజూ పొద్దున్నే వినిపించే మాట ఇది. టీవీ పక్క అలమరలో రౌటరూ, దాని కింద ఆమె భర్త సొంతంగా అమర్చుకున్న మెయిల్ సర్వరూ ఉంటాయి. వాటి మీద దుమ్ము తుడవడం ఆమె పని, వాటి గురించి మాట్లాడటం ఆయన పని. "మన ఉత్తరాలు బయటి కంపెనీల చేతుల్లో ఎందుకు? మన సర్వరు మనింట్లోనే ఉంది," అని స్నేహితుల ముందు గొప్పలు పోయేవాడు. ఆమెకున్న పాత మెయిల్ మూసేయించి, ఇంటిపేరుతో కొత్తది ఇచ్చాడు. ఇంట్లో ఎన్ని ఫోన్లున్నా, ఎన్ని కంప్యూటర్లున్నా బయటివాళ్ళకి కనిపించేది రౌటరు చిరునామా ఒక్కటేననీ, లోపలి నంబర్లు లోపలే ఉండిపోతాయనీ ఒకసారి ఓపిగ్గా వివరించాడు కూడా. ఆమెకి ఇట్టే అర్థమైంది. పెళ్ళయిన మర్నాటి నుంచీ తను బతుకుతున్నది ఆ పద్ధతిలోనే కదా.

ఎనిమిదేళ్ళ క్రితం దాకా ఆమె రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్. ఆమె రక్తం తీస్తే పసిపిల్లలు కూడా ఏడవరని పేరుండేది. మళ్ళీ పనిలో చేరాలని ఆరు నెలలుగా దరఖాస్తులు పంపుతోంది. పదకొండు పంపింది. ఒక్కరూ ఉలకరు, పలకరు. "ఎనిమిదేళ్ళు ఇంట్లో కూర్చున్నవాళ్ళని ఎవరు పిలుస్తారు?" అన్నాడాయన, ఆమె వడ్డించిన అన్నం తింటూ. కూర్చోవడమట! "చేతులు వణికే వయసొస్తోంది, ఇంకా ఆ సూదులెందుకమ్మా," అన్నారు అత్తగారు, అవే చేతులతో మోకాళ్ళకి నూనె రాయించుకుంటూ. స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చిన రోజులున్నాయి. పోనుపోను, తను నిజంగానే దేనికీ పనికిరాదని నమ్మేసింది. నమ్మాక ఏడుపు కూడా రాలేదు, అన్నిటికన్నా ఘోరం అదే.

శుక్రవారం పదింటికి ఆయన ఆఫీసు నుంచి ఫోన్ చేశాడు. "నా కంప్యూటర్ తెరువు. మెయిల్లో కాంట్రాక్టు కాగితం ఒకటుంది, చదివి చెప్పు. తొందరగా." పాస్‌వర్డ్ చెప్పాడు. జీతం లేని ఈ గుమాస్తాగిరీ ఆమెకి అలవాటే. మెయిల్ తెరవగానే ఎడమపక్కన 'తిరిగొచ్చినవి' అనే ఫోల్డర్ కంటబడింది. అందులో పదకొండు ఉత్తరాలు, అన్నీ తనవే. ప్రతిదానికీ అవతలి సర్వరు ఇచ్చిన జవాబు ఒకటే: ఇంటి కనెక్షన్ల నుంచి నేరుగా వచ్చే మెయిల్ మేం తీసుకోం. అన్నీ తెరిచి చదివినవే.

"ఇవేంటండీ?" అంది.

"అవా? వెళ్ళని మెయిళ్ళన్నీ నాకొచ్చేలా పెట్టాను. ఇంటి చిరునామా అంటే బయటి సర్వర్లు నమ్మవు, దొంగ మెయిలనుకుంటాయి. ఇంటర్నెట్ కంపెనీ వాళ్ళ సర్వరు మీదుగా పంపాలి. నాది ఎప్పుడో అలా మార్చుకున్నాను."

"మరి నాది?"

"కుదర్లేదు."

"ఎంతసేపటి పని?"

"పది నిమిషాలు. సాయంత్రం చేస్తాలే. ఇప్పుడేం కొంప మునిగిందని?"

"వెళ్ళట్లేదని ఒక్క మాట చెప్పొచ్చు కదా?"

"నువ్వు పొద్దున్నే వెళ్ళిపోతే అమ్మనెవరు చూస్తారు? నీకే కష్టమని ఊరుకున్నాను," అన్నాడు, ఏదో మేలు చేసినవాడిలా. "సరే, ఆ కాగితం చదువు."

ఆమె ఫోన్ పెట్టేసింది. అది మళ్ళీ మోగితే కట్ చేసి, ఒక్కొక్క ల్యాబుకీ ఫోన్ చేయడం మొదలుపెట్టింది. ఆ పోస్టు ఎప్పుడో నిండిందన్నారు ఒకరు. మీలాంటివాళ్ళ కోసం రెండు నెలలు చూశామమ్మా, అన్నారు ఇంకొకరు. ఆమె తర్వాతి నంబరు నొక్కింది. పది చోట్ల తలుపులు మూసుకుపోయాయి. పదకొండో ల్యాబులో పెద్దావిడ ఎవరో ఫోన్ తీశారు. "మీ దరఖాస్తు మాకు రానేలేదు. దరఖాస్తులకి ఇవాళ నాలుగింటి దాకా టైముంది, సర్టిఫికెట్లు పట్టుకుని వచ్చేయండి. ఉద్యోగం ఇస్తామని మాత్రం చెప్పలేను."

బీరువాలో చీరల కింద నుంచి సర్టిఫికెట్లు తీసింది. ముఖం కడుక్కుంది. అత్తగారి మందులూ, మంచినీళ్ళూ బల్ల మీద పెట్టింది.

"ఎక్కడికి?" అన్నారు అత్తగారు మంచం మీంచి లేవకుండానే. "అందరూ వద్దన్నారుగా, మళ్ళీ ఎవరిని బతిమాలడానికి?"

ఆమె గుమ్మంలో ఆగి చెప్పులేసుకుంది.

"ఎవరూ వద్దనలేదు అత్తయ్యా," అంది. "వద్దన్నది మీ అబ్బాయొక్కడే."